అందింది అన్నాకే వదలాలి

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు కలిసినప్పుడు దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు: "మేడమ్, మీ రోజుల్లో ఏ భాషలో ప్రోగ్రాములు రాసేవారు?" చెబుతాను. తలూపి వెళ్ళిపోతారు. కూర ఎలా కుదిరిందని అడగకుండా గరిటె ఎక్కడ కొన్నారని అడిగినట్టు ఉంటుంది నాకు. అసలు ఆ పని ఏమిటో ఒక్కరూ అడగలేదు కాబట్టి అడక్కుండానే రాస్తున్నాను. ప్రమోషన్లు, జీతాలు, మీటింగులు ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు.

గుర్తున్నవి వేరే. సీతమ్మధారలో ఒక పళ్ళ డాక్టరు గారి క్లినిక్ పై అంతస్తులో మా ఆఫీసు. నా కుర్చీ పక్క కిటికీలోంచి చూస్తే డాబాల మీద ఆరేసిన బట్టలు, వాటికవతల కొండ, కొండ పక్కన సన్నగా ఒక నీలిగీత. అది సముద్రమో మబ్బో చాలాకాలం తేల్చుకోలేకపోయాను. కింద నుంచి లవంగనూనె వాసన తేలుతూ వచ్చేది. ఆ వాసన పీలుస్తూ, ఆ గీతను చూస్తూ, లేని యంత్రాల గురించి ఆలోచిస్తూ కూర్చునేదాన్ని. నా ఉద్యోగంలో మంచి కాలమంతా అలాగే గడిచింది. దానికి జీతం కూడా ఇచ్చారు పాపం.

లేని యంత్రాలు

లేని యంత్రాలంటే నేనేదో కవిత్వం చెబుతున్నానని అనుకోకండి. రెండువేల సంవత్సరం దాటాక మా పనిలోకి వచ్చిన మార్పు అది. అంతకుముందు ఒక పనికి ఒక కంప్యూటర్ ఉండేది. జీతాలకు ఒకటి, సరుకు లెక్కలకు ఒకటి, గేటు దగ్గర ఒకటి. సగంసేపు ఏ పనీ లేకుండా కరెంటు తాగుతూ కూర్చునేవి. తరవాత ఒకే పెద్ద కంప్యూటర్ కొని, దాని కడుపులో చాలా కంప్యూటర్లు ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌తో నడిపించడం మొదలైంది. వాటినే వర్చువల్ మెషిన్లు అన్నారు. తనకొక డిస్కు ఉందని, తనకొక నెట్‌వర్క్ తీగ ఉందని ఆ లోపలి యంత్రం నమ్ముతుంది. నిజానికి ఆ తీగా లేదు, ఆ డిస్కూ లేదు. కలగంటున్న మనిషికి కలలో ఆకలి వేస్తుంది, అన్నం తింటాడు, చెయ్యి కడుక్కుంటాడు. ఈ యంత్రాల సంగతీ అంతే.

వీటిని పుట్టించడానికి, నడపడానికి, పని అయ్యాక ఆపడానికి ఒక లైబ్రరీ కావాలి. పుస్తకాల లైబ్రరీ కాదు. వేరే ప్రోగ్రాములు పిలిచి పని చేయించుకునే ప్రోగ్రాముల కట్ట. మా చిన్న కంపెనీ రాసింది అదే. మధ్యలో మూలభాగం, దాని చుట్టూ విడివిడిగా మాడ్యూళ్ళు. డిస్కులు చూసేదొకటి, నెట్‌వర్క్ చూసేదొకటి, "ఫలానా యంత్రం లేచింది, ఫలానాది పడుకుంది" అని మూలభాగానికి కబుర్లు మోసేదొకటి. మేం దాన్ని కబుర్ల మాడ్యూల్ అనే పిలిచేవాళ్ళం. నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇంకొక్క సంగతి చెప్పేస్తే మీకు అన్నీ తెలిసినట్టే. లోపల ప్రతి యంత్రానికీ మెమొరీలో ఒక రూపం ఉంటుంది. దాన్ని ఎంతమంది వాడుకుంటున్నారో చెప్పే అంకె దాని నుదుటి మీదే ఉంటుంది. రిఫరెన్స్ కౌంటు అంటారు. వాడుకోవడానికి పట్టుకున్నవాడు అంకెను పెంచాలి, పని అయ్యాక వదిలి తగ్గించాలి. ఎవరూ పట్టుకోనప్పుడు అది సున్నా అవుతుంది, రూపం చెరిగిపోతుంది, ఆ చోటు ఇంకొకరికి దొరుకుతుంది. ఒకడు పట్టుకుని వదలడం మరిచిపోయాడా, అది ఎప్పటికీ చెరగదు. అలాంటివి పోగుపడి పోగుపడి మెమొరీ నిండిపోతుంది. దీన్నే లీకు అంటాం. ఎవరో పట్టుకుని ఉండగానే తొందరపడి వదిలించారా, వాడి చేతిలో వస్తువు మాయమై ప్రోగ్రాం మొత్తం కుప్పకూలుతుంది. రెండోది మొదటిదానికంటే చాలా ప్రమాదం.

సన్యాసిరావు గారి తాళం

మా లైబ్రరీ మూలభాగం రాసింది మా బాస్ సన్యాసిరావు గారు. ఆయన మొదట ఎలక్ట్రికల్ ఇంజినీరు. తొంభైల్లో నేను ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో చేరేనాటికి ఆయన అక్కడ మెయింటెనెన్స్ చూసేవారు. మా నాన్నగారు పోర్టు ఉద్యోగం కోసం భీమవరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. అందుకని నేను ఎన్నేళ్ళున్నా సన్యాసిరావు గారికి గోదారిదాన్నే. నేను "అలాగేనండి" అంటే చాలు, "అండీ గిండీ మానీ, పని సూడు" అనేవారు.

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. బొగ్గు మోసే పెద్ద బెల్టు మీద మరమ్మతు చేయడానికి ఎవరు ఎక్కినా, ముందు దాని స్విచ్చు దగ్గరకు వెళ్ళి తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని ఎక్కాలి. పదిమంది ఎక్కితే పది తాళాలు. దిగినవాడు తన తాళం తాను తీసుకుంటాడు. ఆఖరి తాళం తీసేదాకా బెల్టు కదలదు.

ఒక మధ్యాహ్నం అన్ని తాళాలూ తీశారు, ఒకటి మిగిలింది. అది గురుమూర్తి అనే ఫిట్టరుది. షిఫ్టు అయిపోయింది కదా అని అతను దువ్వాడలో ఇంటికి వెళ్ళిపోయాడట. బెల్టు ఆగితే కింద ఫర్నేసుకు బొగ్గు ఆగుతుంది. ప్రొడక్షన్ ఆఫీసరు పరుగున వచ్చాడు.

"మనిషి ఇంటికి పోయాడయ్యా. రంపం తెచ్చి కోసీండి!"

సన్యాసిరావు గారు స్విచ్చుకు అడ్డంగా నిలబడ్డారు. "ఇంటికాడున్నాడని నువ్వు సూసేవా?"

"అందరూ సెప్తన్నారు కదా!"

"సెప్పినోళ్ళు సూసేరా? ఎవుడేసిన తాళం ఆడే తియ్యాలి. నాను కొయ్యను, కొయ్యనివ్వను."

జీపు పంపించారు. చాలాసేపటికి గురుమూర్తి తడిజుట్టుతో, లుంగీలోనే, జేబులేని బనీనుతో, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని దిగాడు. బెల్టు కదిలింది. సన్యాసిరావు గారికి పైనుంచి మందలింపు కాగితం వచ్చింది. ఆయన దాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నారు. శిక్షణలో ఉన్నప్పుడు వేరే ఊళ్ళో ఒక తాళం కోయడం, ఆ తరవాత ఒక కుర్రాడికి చెయ్యి లేకపోవడం ఆయన కళ్ళారా చూశారని నాకు కొన్నేళ్ళకు తెలిసింది.

ఆయన ఫ్యాక్టరీ వదిలి సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినప్పుడు నన్ను రమ్మన్నారు. నేను వెళ్ళింది జీతానికి కాదు, ఆ మధ్యాహ్నం చూసినందుకు. ఫ్యాక్టరీలో ఆయన వాడిన ఎర్ర తాళం కూడా మాతో వచ్చింది. బల్ల మీద కాగితాలు ఎగరకుండా దాన్ని పెట్టుకునేవారు. లైబ్రరీ మూలభాగం రాసినప్పుడు ఆయన పెట్టిన నియమం కూడా ఆ తాళానిదే: ఎవరికి కావాలో వాళ్ళే పట్టుకోవాలి, ఎవరు పట్టుకున్నది వాళ్ళే వదలాలి, ఇంకొకడి సంగతి నీకు అనవసరం.

ఆదివారం తలంటు

లైబ్రరీ బాగానే నడిచింది, ఒక్క లోపం తప్ప. సోమవారం సన్నగా మొదలైన ప్రోగ్రాం శనివారానికి బాగా ఒళ్ళు చేసేది. ఎక్కడో లీకు ఉంది. వెతికాం, దొరకలేదు. మా మొదటి కస్టమర్లందరికీ ఆదివారం సెలవు. కాబట్టి ఆదివారం పొద్దున్న ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. మెమొరీ అంతా శుభ్రం. దానికి ఆదివారం తలంటు అని పేరు పెట్టింది నేనే. సన్యాసిరావు గారికి ఆ పేరు నచ్చింది. "వారానికోపాలి తలంటు ఎవుడికైనా మంచిదే" అన్నారు.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తలంటు వైద్యం కాదు. రీస్టార్ట్ చేస్తే పోయినట్టు కనిపించే జబ్బు నిజానికి పోదు, దాక్కుంటుంది. మేమంతా అది తెలిసే ఊరుకున్నాం. పని సాగుతుంటే తెలివైనవాళ్ళు కూడా ఎంత హాయిగా బద్ధకిస్తారో ఆ రోజుల్లో మమ్మల్ని చూస్తే తెలిసేది.

అప్పుడు పోర్టు దగ్గరి పాత ఊరు, వన్ టౌన్ నుంచి ఒక సరుకు రవాణా కంపెనీ మా దగ్గరకు వచ్చింది. పోర్టులో దిగే బొగ్గును లారీల్లో యార్డుకు తోలడం, వేబ్రిడ్జి మీద తూచడం, అంతా కంప్యూటర్ల మీద నడిపేవాళ్ళు. మేనేజరు రహమాన్ గారు పెద్దాయన. ఇరుకు సందులో పాత మేడ మీద, కిటికీకి ఓడల కూతలు వినిపించే గదిలో కూర్చునేవారు. తలంటు సంగతి నేను మర్యాదగా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"ఓడకి ఆదివారం తెలుస్తాదేటమ్మా?"

నెల్లాళ్ళు ఒక్కసారి కూడా ఆపకుండా నడిపి చూపిస్తేనే తీసుకుంటామన్నారు. మా ఆఫీసులో అప్పటికే పెద్ద పని ఏదీ చేతిలో లేదు. ఇది పోతే మనుషుల్ని తగ్గించక తప్పదని అందరికీ తెలుసు. ఎవరిని తగ్గిస్తారో కూడా తెలుసు. లీకు ఎవరి మాడ్యూల్లో కనిపిస్తే వాళ్ళని.

పోలరాజు

ఈసారి పట్టుదలగా వెతికితే, లీకు పోలరాజు మాడ్యూల్లో కనిపించింది.

పోలరాజు మా కబుర్ల మాడ్యూల్ రాసిన ఇంజినీరు. జాలరిపేట మనిషి. వాళ్ళింట్లో కుర్చీలో కూర్చుని పనిచేసిన మొదటివాడు. పొట్టిగా, నల్లగా, మాట్లాడేముందు ఒకసారి కిటికీ వైపు చూసే అలవాటుతో ఉండేవాడు. తండ్రి చేపలవేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆ తరవాత తల్లి నూకాలమ్మ కొడుకు పడవ ఎక్కకూడదని ఒట్టు వేయించుకుంది. సీతమ్మధార ఇళ్ళకు ఆవిడే చేపలు తెచ్చేది, మా ఇంటికి కూడా. ఉద్యోగం పోతే పోలరాజుకు మిగిలింది చిన్నాన్న పడవలో చోటు. అది అతనికీ తెలుసు, ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

సన్యాసిరావు గారు స్క్రీను మీద వేలు పెట్టి చూపించారు. "సూడు. ప్రతి కబురుతోనూ యంత్రాన్ని పట్టుకుంటన్నావు. ఒగ్గట్లేదు. అన్నీ నీకాడే ఉండిపోయాయి."

"ఒగ్గుతాను సార్. అటునుంచి అందింది అని రావాల. అది రాట్లేదు" అన్నాడు పోలరాజు.

"ఎవుడు సెప్పాలి అందిందని?"

"మీ మూలభాగం సార్. తీసుకున్నోడు సెప్పాల కదా."

"నా కోడు ఎవుడికీ సంజాయిషీ సెప్పదు. దానికి కావాలంటే అదే పట్టుకుంటాది. నువ్వు పంపీగానే ఒగ్గియ్."

పోలరాజు కిటికీ వైపు చూశాడు. "అందిందనేదాక ఒగ్గకూడదు సార్. మద్దిలో పోతాది."

"మీ బీచి కబుర్లు నాకు సెప్పకు" అన్నారు ఆయన. గొంతు పెద్దది కాలేదు. పెద్దదయినా బాగుండేది. కింద డాక్టరు గారి డ్రిల్లు చప్పుడు వినిపించింది.

పోలరాజు ఆ మార్పు చేయనన్నాడు. సన్యాసిరావు గారే కుర్చీ లాక్కుని చేశారు. కబురు పంపగానే వదిలేసేటట్టు రాశారు. నేను పక్కనే నిలబడి చూశాను, నాకూ తప్పు కనిపించలేదు. వన్ టౌన్‌లో పరీక్ష మొదలైంది. మొదటి రోజుల్లో మెమొరీ గీత అలల్లేని నీళ్ళలా పడుకుంది. ఆఫీసులో అందరికీ కాజాలు పంచారు. పోలరాజు తన కాజా కాగితంలో చుట్టి బల్ల మీదే ఉంచుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఓడ వచ్చింది. ఒక వర్చువల్ మెషిన్‌ను ఆపి ఇంకొకదాన్ని లేపే హడావుడిలో, కబురు ఇంకా దారిలో ఉండగానే ఆ యంత్రం రూపం చెరిగిపోయింది. మూలభాగం తీరిగ్గా వచ్చి కబురు విప్పి చూస్తే లోపల వస్తువు లేదు. మొత్తం కూలిపోయింది. వేబ్రిడ్జి ఆగింది, లారీలు గేటు దాటి రోడ్డు దాకా నిలిచిపోయాయి. రహమాన్ గారు ఫోన్లో నాతో కోపంగా మాట్లాడలేదు. "ఇంకొక్క అవకాశం ఇస్తానమ్మా, తరవాత నన్ను అడక్కండి" అన్నారు.

సన్యాసిరావు గారు మళ్ళీ అదే నిర్ణయానికి వచ్చారు. కూలింది కబుర్ల మాడ్యూల్ మోసుకొచ్చిన వస్తువు దగ్గరే కదా. ఆ మాడ్యూల్ మొత్తం తీసేసి వేరేది రాయిస్తానన్నారు. "సోమారం నుంచి రానక్కర్లేదు" అని పోలరాజుతో చెప్పారు. పోలరాజు సంచీ సర్దుకున్నాడు. కాజా మాత్రం మరిచిపోయాడు.

తాడు

శనివారం నూకాలమ్మ మా గుమ్మంలో గంప దించింది. రోజూలా చేపల పేర్లు చెప్పలేదు.

"మావోడు ఏటి తప్పు సేసాడమ్మా?"

"ఏ తప్పూ చేయలేదండి నూకాలమ్మ గారూ" అన్నాను. అది నిజమని అప్పటికి నాకు రుజువు లేదు. మనసుకు మాత్రం తెలుసు.

"తప్పు సెయ్యకపోతే ఎందుకు తోలేసారు? పొద్దున్నే ఆళ్ళ సిన్నాన్న ఇంటికెల్నాడు. నాకు సెప్పలేదు, నాను సూసీసేను." ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుంది. "నానింక ఆ నీళ్ళకి ఎవుర్నీ ఇవ్వలేనమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు చేపలు కొన్నానో లేదో కూడా గుర్తు లేదు.

ఆదివారం పొద్దున్న తలంటు చేయాల్సిన కంప్యూటర్లను వదిలేసి జాలరిపేట ఒడ్డుకు వెళ్ళాను. ఎండ ఇంకా మెత్తగా ఉంది. నీళ్ళు, ఆకాశం కలిసిపోయి ఎక్కడ గీత ఉందో తెలియడం లేదు. పడవ పెద్ద వలను నీళ్ళలో చుట్టూ వదిలి, దాని తాడు కొసను ఒడ్డుకు అందించడానికి వస్తోంది. పోలరాజు మోకాలి లోతు నీళ్ళలో చేతులు చాచి నిలబడ్డాడు. పడవలో ఎక్కలేదు. ఒట్టుకు అంచున నిలబడ్డాడన్నమాట.

అల హోరులో మాట వినపడదు. పడవలో ఉన్న చిన్నాన్న తాడు కొస అతని చేతిలో పెట్టాడు, కానీ తన చెయ్యి తీయలేదు. ఇద్దరి చేతులూ ఒకే తాడు మీద ఉన్నాయి. పోలరాజు తాడును మణికట్టుకు చుట్టుకున్నాడు. కాళ్ళు ఇసకలో పాతుకున్నాడు. అప్పుడు గొంతెత్తి అరిచాడు.

"అందింది!"

అప్పుడు చిన్నాన్న వదిలాడు.

నేను తడి ఇసక మీద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. తాడు చేతులు మారుతోంది. ఒడ్డున ఒకరి వెనక ఒకరు అందుకుంటున్నారు. ప్రతి చోటా అదే మాట. ఎవరూ చెప్పకుండా వదలడం లేదు. ఎవరూ అందుకోకుండా చెప్పడం లేదు. చాలాసేపు నాకు నేను ఎక్కడున్నానో తెలియలేదు. మా కోడ్ మొత్తం నా ముందు నీళ్ళలో నడుస్తున్నట్టే ఉంది.

పోలరాజు నన్ను చూసి గట్టు మీదకు వచ్చాడు. "ఏటక్కా, ఇలగొచ్చేవు?"

"అందింది అనే ముందే వదిలేస్తే ఏమవుతుంది పోలరాజూ?"

"వల పోతాది. ఒక్కోపాలి తాడు మెలిపడి మనిషిని కూడా లాగీస్తాది."

"అందుకున్నవాడు అందిందని చెప్పడం మరిచిపోతే?"

అతను నవ్వాడు. "ఇచ్చినోడు పట్టుకునే ఉంటాడక్కా. నీళ్ళలోనే. పాపం, సాయంత్రందాకా."

మా లీకు అదే. మూలభాగం తాళం నియమం మీద నడుస్తోంది. తనకు కావలసినప్పుడు తనే పట్టుకుంటుంది, ఎవరికీ జవాబివ్వదు. పోలరాజు మాడ్యూల్ తాడు నియమం మీద నడుస్తోంది. జవాబొచ్చేదాకా వదలదు. ఎవరి నియమం వారికి సరైనదే. విడివిడిగా చదివితే ఇద్దరి కోడులోనూ తప్పు లేదు. అందుకే అన్నాళ్ళు చదివినా మాకు దొరకలేదు. ఫ్యాక్టరీ మనిషి, సముద్రం మనిషి ఒకే గదిలో కూర్చుని, తమ నియమమే లోకంలో అందరికీ తెలిసిన నియమం అనుకున్నారు. ఆ రెండూ కలిసేచోట పోలరాజు కోడు సాయంత్రందాకా నీళ్ళలో నిలబడి ఉంది.

సోమవారం

సోమవారం పోలరాజును వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. సన్యాసిరావు గారు అతన్ని చూసి ముఖం తిప్పుకున్నారు. నేను కుర్చీ లాక్కోకుండా నిలబడే మాట్లాడాను. మామూలుగా ఆయనతో అలా మాట్లాడను. ఆ రోజు నాకు బాగా కోపంగా ఉంది.

"సార్, గురుమూర్తి తాళం కోయనన్నారు మీరు. గుర్తుందాండి?"

"దానికీ దీనికీ ఏటి సంబంధం?"

"ఇంటికాడున్నాడని నువ్వు సూసేవా, అని అడిగారు ఆ ఆఫీసర్ని. కబురు పంపగానే వదిలేయమన్నారు కదా, అవతల మీ మూలభాగం పట్టుకుందని మీరు చూశారాండి?"

ఆయన చెయ్యి తాళం మీదకు వెళ్ళింది. దాన్ని అటూ ఇటూ తిప్పారు. కింద ఎవరో పళ్ళు పీకించుకుంటూ మూలుగుతున్నారు.

"సూడలేదు" అన్నారు చివరికి. తరవాత ఇంకా నెమ్మదిగా, "నాను కోసీసేను" అన్నారు.

ఆ మాట అంటున్నప్పుడు ఏ కుర్రాడి చెయ్యి ఆయన కళ్ళముందు కదిలిందో నాకు తెలుసు. ఆయన మీద ఉన్న కోపం అక్కడే సగం కరిగిపోయింది.

మరమ్మతు పెద్దది కాదు. కబురు వరసలోకి రాగానే మూలభాగం ముందు తాను పట్టుకోవాలి, పట్టుకున్నాక అందిందని జవాబివ్వాలి, ఆ జవాబు విన్నాకే కబుర్ల మాడ్యూల్ వదలాలి. క్షణకాలం ఇద్దరి చేతులూ ఒకే తాడు మీద ఉంటాయి. ఆ క్షణాన్ని దండగ అనుకోకూడదు. ముగ్గురం కలిసి రాశాం. సన్యాసిరావు గారు చెబుతుంటే పోలరాజు టైపు చేశాడు. మధ్యలో ఒకచోట పోలరాజే ఆయన్ని ఆపి, "ఇక్కడ మీకు అందలేదు సార్" అన్నాడు. ఆయన మారు మాట్లాడకుండా సరిదిద్దుకున్నారు.

ఆ తరవాత మిగతా మాడ్యూళ్ళన్నీ అదే కంటితో చదివాం. మీకు పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. లీకులు సాధారణంగా పని సవ్యంగా జరిగే దారిలో ఉండవు. డిస్కు దొరకలేదు, నెట్‌వర్క్ తగల్లేదు, అని మధ్యలో వెనుదిరిగే దారిలో ఉంటాయి. కంగారుగా బయటకు వచ్చేవాడు చేతిలో ఏముందో చూసుకోడు. గురుమూర్తి కూడా షిఫ్టు సైరనుకు కంగారుపడే వెళ్ళిపోయాడు కదా. కాబట్టి కోడ్ చదివేటప్పుడు మొదట వీధి గుమ్మం కాదు, పెరటి గుమ్మాలు చూడండి. నాకు దొరికినవన్నీ అక్కడే దొరికాయి.

వన్ టౌన్‌లో మళ్ళీ పరీక్ష మొదలైంది. రోజూ పొద్దున్న వెళ్ళి రహమాన్ గారి గదిలో మెమొరీ గీత చూసేదాన్ని. ఓడ వచ్చినప్పుడు గీత లేచేది. ఓడ వెళ్ళాక మళ్ళీ దిగేది. లేచేది, దిగేది. ఒక ఆదివారం వచ్చి వెళ్ళింది, తలంటు లేకుండా. ఇంకొకటి వెళ్ళింది. కిటికీలోంచి ఓడకూత వినిపిస్తుంటే ఆ గీతను చూస్తూ నేను ఎంతసేపు కూర్చునేదాన్నో నాకే తెలిసేది కాదు. లేని యంత్రాలు పుడుతున్నాయి, పని చేసుకుంటున్నాయి, అందరూ వదిలాక నిశ్శబ్దంగా చెరిగిపోతున్నాయి. దేనినీ ఎవరూ ఊరికే పట్టుకుని లేరు. అంత ప్రశాంతత నాకు గుళ్ళో కూడా దొరకలేదు.

నెల నిండాక రహమాన్ గారు సంతకం పెట్టి, "ఇప్పుడు మీకూ ఆదివారం తెలీడం లేదమ్మా" అని నవ్వారు.

ఆ మర్నాడు ఆఫీసుకు వెళ్ళేసరికి ఎర్ర తాళం పోలరాజు బల్ల మీద ఉంది, తాళంచెవితో సహా. సన్యాసిరావు గారు క్షమించమని నోటితో అనలేదు. అనవలసింది. తాళం ఇవ్వడం గొప్ప విషయమే, కానీ "నాదే తప్పు" అన్న రెండు మాటలు పోలరాజుకు అంతకంటే ఎక్కువ అవసరం. బాసులు కాబోయేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. పోలరాజు మాత్రం ఏమీ అనుకోలేదు. నూకాలమ్మ మా ఇంటికి తెచ్చిన చేపలకు ఆ వారం డబ్బు పుచ్చుకోలేదు, నేనెంత బతిమాలినా.

నా వంతు

సన్యాసిరావు గారు ఇప్పుడు లేరు. పోలరాజు ఆ లైబ్రరీ పని మొత్తం చూసేవాడయ్యాడు. నేను రిటైరైన రోజున దండలు, శాలువాలు అయ్యాక, సాయంత్రం ఎండ కిటికీలో ఉండగా అతని పక్కన కూర్చుని నా దగ్గర మిగిలినవన్నీ అప్పగించాను. ఏ మాడ్యూల్ ఎక్కడ మొరాయిస్తుందో, ఏ కస్టమర్‌కు ఏది ఇష్టం ఉండదో చెప్పాను. అయిపోయింది. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. అతను అడ్డుపడకుండా విన్నాడు. మూడోసారి మొదలుపెట్టబోతుంటే నాకే అర్థమైంది, నేను లేవలేకపోతున్నానని.

కిటికీలో ఆ నీలిగీత ఉంది. అది సముద్రమేనని పోలరాజు చెప్పి చాలాకాలమైంది. నేనే నమ్మకుండా ఆ అనుమానాన్ని అట్టేపెట్టుకున్నాను.

నా చెయ్యి ఇంకా కీబోర్డు మీదే ఉంది. పోలరాజు తన చెయ్యి దాని పక్కనే ఆనించాడు. అతని మణికట్టు మీద తాడు ఒరుసుకుపోయిన పాత చారలు అప్పుడు మొదటిసారి దగ్గరగా చూశాను.

"అందిందక్కా" అన్నాడు. "ఇంక ఒగ్గియ్."

వదిలాను.